వద్దని రాసిపెట్టిన మాట ఎవరిది?

నయం కాని జబ్బుతో బాధపడుతున్న మనిషికి తన చావును తానే నిర్ణయించుకునే హక్కు ఉండాలా అని అడిగారు. ఉండాలి. 2004లో హైదరాబాదు చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్, కండరాల క్షీణతతో మంచాన పడి, అవయవాలు ఇంకొకరికి పనికివచ్చే స్థితిలో ఉండగానే తనను పోనివ్వమని వేడుకుంటే, అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. నేటికీ మందు ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరమే. కాని చికిత్స వద్దనే హక్కు చట్టంలో ఉంది, మన ఇళ్లలోనే లేదు.

మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ముదిరి, ఆక్సిజన్ యంత్రం పక్కనుంచి కదలలేని రోజుల్లో, "నాకు గొట్టాలు వేయించవద్దు, ఇంట్లోనే పోనివ్వండి" అని డైరీలో రాసి, తారీఖు వేసి, సంతకం చేశారు. ఒక రాత్రి ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు నేను ఆ పేజీ తెరిచి చూపిస్తే, డ్యూటీ డాక్టరు "సాక్షి సంతకాలు లేవు కదమ్మా, ఇది చెల్లదు" అని డైరీ నా చేతికి ఇచ్చేసి, అంగీకార పత్రం అన్నయ్య ముందు పెట్టారు. "కొడుకువై ఉండి చూస్తూ ఊరుకున్నావని రేపు నలుగురూ అంటార్రా" అని మేనమామ అనేసరికి అన్నయ్య సంతకం పెట్టాడు. అప్పటికి నాన్నగారు పూర్తి స్పృహలో ఉన్నారు. స్పృహలో ఉన్న మనిషి వద్దంటే వేరే కాగితమే అక్కర్లేదు, అయినా ఆయనను ఎవరూ అడగలేదు. వెంటిలేటరు పెట్టాక, గొట్టం పీక్కోకుండా చేతులు మంచానికి కట్టారు. నేను చెయ్యి పట్టుకుంటే నా అరచేతిలో వేలితో "ఇల్లు" అని రాశారు, ల వత్తు కూడా విడిచిపెట్టకుండా.

ఈ హక్కు ఇస్తే ఆస్తి కోసం పెద్దవాళ్లను చంపేస్తారని వాదించేవారికి ఒకటే చెబుతాను. ఇప్పుడు మాత్రం నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? డబ్బున్నన్నాళ్లు ఐసీయూలో ఉంచేదీ, అది అయిపోగానే "డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకువెళుతున్నాం" అని రాసిచ్చి ఇంటికి తెచ్చేదీ ఆ బంధువులే. అలా తెచ్చిన చాలామందికి నొప్పి తగ్గించే మార్ఫిన్ చుక్క కూడా దొరకదు, ఆ సంగతి ఎవరికీ పట్టదు.

సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో లివింగ్ విల్లును, అంటే చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని, గుర్తించింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల దాదాపు ఎవరూ ఆ జోలికి పోలేదు కాని, 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలన్నారు. ఇది తెలిసి అమ్మ తన విల్లు తానే రాసుకుంది. నేను వెంట తీసుకువెళితే, విల్లు అనగానే ఆస్తి వ్యవహారం అనుకున్న నోటరీ గారు సర్వే నంబరు అడిగారు. అమ్మ కాగితం ఆయన ముందు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఆయన చేతనే చదివించింది.