కొత్త దేశంలో అడుగుపెట్టినవారికి తోడు నిలవడం గురించి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

వలస వచ్చినవాళ్ళకూ శరణార్థులకూ తోడుండే సహాయ కేంద్రంలో నువ్వు చేరబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది కాబట్టి, నువ్వు చేరేముందే కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

అక్కడికి వచ్చేవాళ్ళు తమ ఊళ్ళో సంసారాలు నడిపినవాళ్ళు, పదిమందికి పని చెప్పినవాళ్ళు. భాష రాని చోటికి రాగానే ఒక్కసారిగా అన్నిటికీ ఇంకొకరి మొహం చూడాల్సి వస్తుంది. దుప్పట్లు, సరుకులు ఎవరైనా తెచ్చి ఇస్తారు. పోయిన పెద్దరికాన్ని వాళ్ళు మళ్ళీ నిలబెట్టుకునేలా చూడడమే మన కేంద్రం అసలు పని. ఏ పని చేస్తున్నా దీన్ని మరిచిపోకు.

అన్నిటికంటే ముందు, పిల్లలచేత అనువాదం చేయించకు. ఇది నీకు రోజూ ఎదురవుతుంది. బడికి వెళ్ళే పిల్లవాడికి కొత్త భాష కొద్ది నెలల్లోనే వచ్చేస్తుంది, తల్లిదండ్రులకు రాదు. అందుకని ఆసుపత్రికీ, ఇంటి యజమాని దగ్గరికీ, ఆఫీసుకీ వాడినే వెంటబెట్టుకు వెళతారు. తల్లికి గర్భసంచిలో గడ్డ ఉందన్న మాట పన్నెండేళ్ళ కొడుకు నోటితో ఆమెకు చేరితే ఆ ఇద్దరి మీదా పడే బరువు ఎంతటిదో ఆలోచించు. చాలామంది తల్లులు కొడుకు ముందు చెప్పలేక అసలు బాధను దాచేస్తారు. డాక్టరుకు సగమే తెలుస్తుంది. పైగా అద్దె బాకీలూ, కోర్టు కాగితాలూ అన్నీ పిల్లవాడికే తెలిసి, ఇంట్లో మాట వాడిదే చెల్లుతుంది. తండ్రి మందలిస్తే వినడు.

అందుకే శిక్షణ పొందిన దుబాసీని పిలవమను. ఒకే దేశంవాళ్ళు కదా అని ఎవరినో ఒకరిని కూర్చోబెట్టకు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళలో ఒకే భాష మాట్లాడేవాళ్ళు కూడా ఎదురెదురు పక్షాలవాళ్ళు కావచ్చు. ‘ఈయన ఉంటే మీకు ఇబ్బందా?’ అని ముందే, ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు అడుగు. ఆడవాళ్ళు కొన్ని సంగతులు ఆడమనిషితోనే చెప్పుకుంటారు. దగ్గరలో ఎవరూ దొరకకపోతే ఫోనులో దుబాసీని పిలవవచ్చు. ఆస్ట్రేలియా ఈ సేవను 1973లోనే మొదలుపెట్టింది. మాట్లాడేటప్పుడు దుబాసీ వైపు కాక ఆ మనిషి వైపే చూడు. ‘ఆవిడను అడగండి’ అనకుండా నేరుగా ‘మీకు ఎప్పటి నుంచి నొప్పి?’ అని అడుగు.

ఇళ్ళలో పిల్లలు పెద్దలై, పెద్దలు చిన్నబోయే ఈ తారుమారు కొత్తగా పుట్టింది కాదు. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు సంఘసేవికలు 1889లో అమెరికాలోని షికాగోలో హల్ హౌస్ అనే సహాయ కేంద్రాన్ని తెరిచినప్పుడు చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా యూరప్ నుంచి వలస వచ్చిన కూలి జనం. అక్కడ పసిపిల్లల బడి, భాషా తరగతులు, చదువుకునే చోటు అన్నీ ఉండేవి. నాకు మాత్రం వాటన్నిటికంటే 1900లో పెట్టిన శ్రమ ప్రదర్శనశాల గొప్పదనిపిస్తుంది. వలస వచ్చిన ముసలివాళ్ళు అక్కడ కూర్చుని తమ దేశపు పద్ధతిలో నూలు వడికేవారు, బట్ట నేసేవారు. అమ్మానాన్నలకు ఏమీ తెలియదని సిగ్గుపడే పిల్లలు, జనం తమ తల్లి చేతి పనిని ఆశ్చర్యంగా చూడడం కళ్ళారా చూశారు. నీ దగ్గరికి వచ్చేవాళ్ళకు ఏం వచ్చో అడిగి రాసిపెట్టుకో. వంట, కుట్టుపని, లెక్కలు, వడ్రంగం, ఏదైనా సరే. కేంద్రంలో నేర్పే స్థానం వాళ్ళకూ ఇవ్వు.

చదువుకున్నవాళ్ళ బాధ ఇంకోరకం. డాక్టరుగా పనిచేసినాయన గిడ్డంగిలో పెట్టెలు మోస్తుంటాడు. ఇల్లు గడవడానికి ఏదో ఒక పని తప్పదు, నిజమే. కానీ ఆ పనిలో కుదిరిన వెంటనే అతని పేరును జాబితాలోంచి కొట్టేయకు. పట్టాల గుర్తింపుకు, లైసెన్సు పరీక్షలకు సంవత్సరాలు పడుతుంది కాబట్టి మొదటి నెలలోనే కదిలించాలి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళ దగ్గర పట్టాలే ఉండకపోవచ్చు. అలాంటివాళ్ళ కోసం యూరప్ దేశాల కూటమి అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2017లో శరణార్థుల అర్హతల పాస్‌పోర్టు అనే పత్రాన్ని తెచ్చింది. ఉన్న కాగితాలు చూసి, ఇంటర్వ్యూ చేసి చదువును అంచనా వేస్తారు. మీ దగ్గర ఇలాంటి ఏర్పాటు ఏముందో చేరిన వారంలోనే కనుక్కో.

చట్టం విషయంలో మాత్రం జాగ్రత్త. శరణు కోరి ఎదురుచూస్తున్నవారు, శరణార్థిగా గుర్తింపు వచ్చినవారు, ఉద్యోగం కోసం వచ్చినవారు, ఈ ముగ్గురి హక్కులూ ఒకటి కావు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణం ప్రకారం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదు. ప్రాథమిక విద్యలో ఆ దేశ పౌరులతో సమానంగా చూడాలని 22వ అధికరణం చెబుతుంది. ఇవి తెలుసుకో. కేసు గురించి సలహా మాత్రం నువ్వు ఇవ్వకు, అది అర్హత ఉన్న న్యాయవాది పని. కొన్నిచోట్ల అనుమతి లేకుండా సలహా ఇవ్వడమే నేరం. గడువులు మాత్రం నువ్వు కనిపెట్టి ఉండాలి. అమెరికాలో, కొన్ని మినహాయింపులు తప్ప, వచ్చిన ఏడాదిలోగా శరణు దరఖాస్తు పెట్టాలి. ఇలాంటి తేదీ ఒక్కటి దాటిపోతే ఒక కుటుంబం బతుకే మారిపోతుంది. అసలు కాగితాలు ఎవరి చేతికీ వదలవద్దని, నకళ్ళే ఇవ్వమని అందరికీ చెప్పు.

ఫారం నింపేటప్పుడు కలం వాళ్ళ చేతిలోనే ఉండనివ్వు. నువ్వు నింపితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, వాళ్ళకు గంట పడుతుంది. ఆ గంట ఇవ్వు. ఫోను మొదటిసారి నువ్వు చెయ్యి, రెండోసారి పక్కన కూర్చో, మూడోసారి వాళ్ళే చేసుకుంటారు.

భాషా తరగతికి ఆడవాళ్ళు రావడం లేదంటే ఆసక్తి లేదని తేల్చేయకు. పక్క గదిలో పసిపిల్లలను చూసుకునే మనిషి ఉన్నారా, బస్సు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు, ముందు అవి చూడు.

ఇక వాళ్ళు ఏం దాటి వచ్చారో నువ్వుగా అడగకు. ఇప్పటికే అధికారులకు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. వాళ్ళంతట వాళ్ళు చెబితే విను. నిద్ర పట్టడం లేదనీ, తిండి సహించడం లేదనీ అంటే మానసిక వైద్యుల దగ్గరికి దారి చూపు. విన్నవన్నీ నీ మనసులోనూ పేరుకుంటాయమ్మా. పేర్లు బయటపెట్టకుండా, పైనున్న అనుభవజ్ఞులతో వారానికోసారైనా మాట్లాడు. అలాంటి ఏర్పాటు అక్కడ లేకపోతే కావాలని అడుగు, మొహమాటపడకు.

చేరగానే దుబాసీల జాబితా ఎవరి దగ్గర ఉందో కనుక్కుని, అందులో ఏయే భాషలకు మనుషులు లేరో నాకు రాయి. నాకు తెలిసినవాళ్ళను నేనూ అడుగుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ