పాత మోటారు మొరాయిస్తే బ్యాటరీని ముందే మార్చవద్దు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

చేపల వేట నిషేధం ముగిసి పడవను నీళ్లలోకి దింపబోతే మోటారు అందుకోవడం లేదనీ, కొత్త బ్యాటరీ కొనమంటావా అనీ రాశావు. కాస్త ఆగు. నీ పాత ఎవిన్‌రూడ్ మోటారు మాగ్నెటో రకం, అంటే స్పార్క్‌కు కావలసిన కరెంటును తానే పుట్టించుకునేది. ఆ కరెంటు ఫ్లైవీలు (మోటారు పైన తిరిగే బరువైన చక్రం) కిందే పుడుతుంది. బ్యాటరీ పని స్టార్టరును తిప్పడం, దీపాలు వెలిగించడం వరకే. కనుక బ్యాటరీ వైర్లు అలాగే ఉంచి తాడుతో లాగి చూడు. దానికి అందుకుంటే స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ భాగాల జోలికి పోనక్కరలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మన ఎండల్లో ఊరికే పడి ఉన్న బ్యాటరీ తనంతట తానే చార్జి పోగొట్టుకుంటుంది, ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుంటుంది. నిండా చార్జి పెట్టి, కొన్ని గంటలు వదిలేసి మీటరు పెడితే 12.6 వోల్టులు చూపాలి. స్టార్టరు తిరుగుతుండగా 9.6 కంటే కిందికి జారితే అప్పుడు బ్యాటరీని అనుమానించు. మోటారు నడుస్తుండగా మాత్రం టర్మినల్ విప్పకు, ప్లస్సు మైనస్సులు తారుమారు చేయకు, మోటారు కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫయరు కాలిపోతుంది.

కొత్తపట్నంలో నేను ఒకే ఏడాది రెండు బ్యాటరీలు మార్చినవాణ్ణి. తప్పంతా బ్యాటరీ మైనస్సును ఇంజనుకు కలిపే ఎర్త్ వైరుది. పైన టేపు శుభ్రంగానే ఉంది, కోసి చూస్తే లోపల రాగి పోగులు పచ్చటి పొడిగా రాలాయి. బోల్టు కింద ఉప్పు సున్నంలా గట్టిపడి ఉంది. కొత్త బ్యాటరీ ఊపుకు నాలుగు రోజులు తిరిగి మళ్లీ టక్కుమని ఆగేది. అందుకే ముందు టర్మినళ్లను వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన వేజలిన్ రాయి.

తాడుకూ అందుకోకపోతే రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, వైరు తగిలించే ఉంచి, ప్లగ్గు ఇనుప భాగం ఇంజనుకు ఆనేలా పెట్టి లాగించు; ప్లగ్గు రంధ్రం నుంచి వచ్చే పెట్రోలు ఆవిరికి దూరంగా పట్టుకోవాలి సుమా. నీలంగా, చిటుక్కుమని స్పార్క్ రావాలి. రెండింటికీ రాకపోతే స్టాప్ స్విచ్చి వైరు విప్పి మళ్లీ చూడు, చాలాసార్లు అదే ఎక్కడో ఒరుసుకుని ఎర్త్ అయి ఉంటుంది. ఒక్కదానికే రాకపోతే ఆ సిలిండరు పాయింట్ల (స్పార్క్ సమయానికి కరెంటును తెంపే లోహపు మొనల) మీద తుప్పు గానీ, స్పార్క్‌కు వోల్టేజి పెంచే తీగచుట్ట అయిన కాయిల్ పైపూతలో పగులు గానీ ఉందన్నమాట. ఈ రకం మోటార్ల పాత కాయిళ్లకు పగుళ్లు మామూలే. పాయింట్ల సందు 0.020 అంగుళం ఉండాలి. ఎమరీతో తేలికగా రుద్దాక స్పిరిట్‌లో ముంచిన కాగితాన్ని మధ్యన లాగాలి, లేకపోతే ఆ పొడే స్పార్క్‌ను తినేస్తుంది.

ఆ పనికి ఫ్లైవీలు తీయక తప్పదు. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకు. దాన్ని ఊడలాగే పుల్లరు లేకుండా సుత్తితో కొడితే షాఫ్టు పాడవుతుంది. ఆదివారం పుల్లరూ, పాయింట్ల సందు కొలిచే ఫీలర్ గేజీ తీసుకుని బయలుదేరుతాను.

నీ మేనమామ