ఫిష్‌మీల్ బదులు సోయా చెక్క వేస్తే సరిపోతుందా? నా చెరువులో జరిగింది

మీరు అడిగింది ఇదీ: తిలాపియా మేతలో నూటికి 10 కిలోల ఫిష్‌మీల్ (ఎండు చేపల పొడి) వేస్తున్నారు, అది తీసేసి ప్రోటీన్ లెక్క చూసుకుని సోయా చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) వేస్తే చాలా అని. తిలాపియాకి తీసేయొచ్చు. నేను తీసేశాను. కానీ మీరు చెప్పిన పద్ధతిలో చేసి మొదటిసారి చేతులు కాల్చుకున్నాను.

అప్పుడు నా లెక్కా మీలాంటిదే. ఫిష్‌మీల్‌లో 65 శాతం ప్రోటీన్ అనుకుంటే, 10 కిలోలు తీసేస్తే ఆరున్నర కిలోల ప్రోటీన్ పోతుంది. సోయా చెక్కలో 45 శాతం ఉంటుంది కాబట్టి సుమారు పద్నాలుగున్నర కిలోలు వేసి, ఆ మేరకు తవుడు తగ్గించాను. ఒక్క రోజులో మేత మార్చేశాను. చేపలు ఎప్పట్లాగే పైకి వచ్చేవి, గుళిక నోట్లోకి తీసుకుని వెంటనే ఉమ్మేసేవి. కొన్నాళ్లకు తినడం మొదలుపెట్టాయి గానీ ఎదుగుదల లేదు, నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారాయి. ఏదో రోగం అంటుకుందని టెన్షన్ పడి మందులు కూడా చల్లాను. ఆ డబ్బు వృథా.

తర్వాత తెలిసింది, నేను కొన్న సరుకు సరిగా వేడి చెయ్యనిదని. పచ్చి సోయాలో ప్రోటీన్‌ని అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, ట్రిప్సిన్ నిరోధకాలంటారు. వేడికి అవి పోతాయి. సోయాలోనే ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్ కూడా దాదాపు అదే వేడికి పోతుంది కాబట్టి, ల్యాబ్‌లో యూరియేజ్ పరీక్ష చేయిస్తే సరుకు ఉడికిందో లేదో తెలిసిపోతుంది. అలాగని మాడ్చేసిన చెక్క కొనకండి, అందులో లైసిన్ దెబ్బతింటుంది, అది ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం.

నీళ్లు పచ్చబడటానికి కారణం భాస్వరం. ఇది నేను అసలు ఊహించలేదు. గింజల్లో ఉండే భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో కట్టిపడేసి ఉంటుంది. చేప దాన్ని అరిగించుకోలేదు. తిన్నది తిన్నట్టే నీళ్లలోకి వదిలేస్తుంది, అక్కడ నాచు దాన్ని తిని పెరుగుతుంది. అంటే చేపకి భాస్వరం చాలక ఎముక సరిగా కట్టదు, చెరువులో మాత్రం భాస్వరం ఎక్కువవుతుంది! ఇప్పుడు నేను చేపకి అరిగే భాస్వరం ఉన్న మోనోకాల్షియం ఫాస్ఫేట్ కలుపుతున్నాను, ఫైటేట్‌ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ కూడా వాడుతున్నాను. ఫైటేజ్ వేడికి ఆగదు, అందుకే గుళికలు చల్లారాక ద్రవంగా పైన పిచికారీ చేస్తాను. తిలాపియా పొట్టలో ఆమ్లం బాగా ఉంటుంది కాబట్టి అది పనిచేస్తుంది. కార్ప్ జాతి చేపలకి అసలు పొట్టే లేదు, వాటికి దీని మీద అంత ఆశ పెట్టుకోవద్దు.

ఇక ప్రోటీన్ శాతం ఒక్కటే చూడటం తప్పు. సోయాలో మిథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ. మొక్కజొన్న గ్లూటెన్‌లో మిథియోనిన్ బాగానే ఉంటుంది, కానీ లైసిన్ తక్కువ. ఈ రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి కొంత పూడుస్తుంది, మిగిలింది విడిగా అమైనో ఆమ్లం కొని కలపాలి. ఇంకో మాట, ల్యాబ్ రిపోర్టులో ప్రోటీన్ అని వచ్చేది నిజానికి నత్రజనిని 6.25తో గుణించిన అంకె. యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. ఎక్కడాలేని ప్రోటీన్ చూపించే చవక సరుకుని అనుమానించండి.

వేరుశనగ చెక్క వాసనకి చేపలు బాగా వస్తాయి. కానీ బూజు పట్టిందంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఆరా తీసినవాళ్లు చివరికి వేరుశనగ చెక్క దగ్గర తేలారు. ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టింది ఆ తర్వాతే. నేను తడి తగిలిన బస్తా వైపు కూడా చూడను. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, అందుకే కొద్దిగానే వేస్తాను.

రెండోసారి రెండు వారాలు తీసుకుని కొంచెం కొంచెంగా మార్చాను. ఈసారి ఉమ్మలేదు.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా పండుగప్ప లాంటి మాంసాహారి చేపని పెంచుతుంటే ఈ లెక్క వాళ్లకి చెప్పకండి. వాటికి టారిన్ అనే పోషకం కావాలి, అది గింజల్లో దాదాపు ఉండదు. ఈపీఏ, డీహెచ్‌ఏ అనే కొవ్వులు కూడా చేపనూనె నుంచో, నాచు నూనె నుంచో రావాలి. అలాగని ఆ చేపలకి అసాధ్యమని కాదు. 1990లో నార్వే సాల్మన్ మేతలో దాదాపు 90 శాతం సముద్రం నుంచి వచ్చిందే. 2013 నాటికి అది 30 శాతం దగ్గరికి దిగింది. అయితే వాళ్లు వాడింది మామూలు చెక్క కాదు, శుద్ధి చేసిన సోయా ప్రోటీన్. మామూలు సోయా చెక్కలోని సాపోనిన్లు సాల్మన్ పేగుకి వాపు తెస్తాయి, ఎంత వేడి చేసినా అవి పోవు.

చిన్న చేపపిల్లల మేతలో మాత్రం నేనింకా ఫిష్‌మీల్ తీయలేదు. అవి తినేది చిటికెడు, కావాల్సినవన్నీ ఆ చిటికెడులోనే ఉండాలి. ఆ దశలో పట్టే మేత ఎలాగూ తక్కువే.