క్లాసులో ట్యాబ్ వద్దంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. చూపు బాగా తక్కువ. సదరం సర్టిఫికెట్‌లో 70 శాతం అని రాశారు. పుస్తకంలో అక్షరాలు కనపడవు. మా తమ్ముడు కొనిచ్చిన ట్యాబ్‌లో పాఠం ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదువుతుంది, లేదంటే వింటుంది. బడిలో సెల్‌ఫోన్లు, ట్యాబ్‌లు నిషేధమని వెనక్కి పంపారు. మీరే ఏదైనా పరికరం ఇవ్వండంటే క్యాంపు పెట్టినప్పుడు చూద్దామన్నారు. అంధుల పాఠశాలలో చేర్పించమని సలహా కూడా ఇచ్చారు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఏ బడికి పంపాలన్నది మీరూ మీ పాపా తేల్చుకోవాల్సిన విషయం. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు దగ్గర్లోని బడిలోగానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకోవచ్చని దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 31వ సెక్షన్ చెబుతోంది. ఆ నిర్ణయం హెచ్ఎం గారిది కాదు.

ఇక ట్యాబ్ సంగతి. ఫోన్ల నిషేధం క్రమశిక్షణ కోసం పిల్లలందరికీ పెట్టిన నియమం. మీ పాపకు ఆ ట్యాబ్ కళ్లజోడుతో సమానం. ప్రభుత్వ నిధులతోగానీ గుర్తింపుతోగానీ నడిచే బడులు పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలని అదే చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. మోయలేని భారం కాని సర్దుబాటును నిరాకరిస్తే అది వివక్షే అవుతుందని 2వ సెక్షన్ నిర్వచనాల్లో ఉంది. మీ సొంత ట్యాబ్‌ను బల్ల మీద పెట్టుకోనిస్తే బడి మీద పడే భారం ఏమీ లేదు. టీచర్ల భయం కూడా అర్థం చేసుకోదగ్గదే కాబట్టి, సిమ్ తీసేసి, ఆటలు లేకుండా పంపుతామని మీరే రాసివ్వండి.

ప్రభుత్వం పరికరం ఇవ్వాలా అంటే, ఇవ్వాలి. 17వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు నిండేదాకా పుస్తకాలు, అవసరానికి తగిన సహాయక పరికరాలు ఉచితంగా అందించాలి. ఎవరి దయా అక్కర్లేదు. లో విజన్ పిల్లకు చేతికర్ర ఇచ్చి పని అయిపోయిందనుకుంటే ఆ పిల్ల చదువుకు ఒరిగేదేమీ లేదు.

అందుకే ‘ఏదో ఒక పరికరం ఇప్పించండి’ అని అర్జీ రాయకండి. ఎంత సైజు అక్షరం చదవగలదో, మాగ్నిఫైయర్ సరిపోతుందో, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కావాలో కంటి డాక్టరు చేత రాయించండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి పాపను తీసుకెళ్లి, అక్కడ ఆ పిల్లలకు చెప్పే ఐఈఆర్‌పీ టీచరు చేత కూడా ఒక నోట్ రాయించుకోండి. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు లేదన్న మాట మాత్రం నమ్మొద్దు. కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్‌కు టాక్‌బ్యాక్ ఉచితంగానే దొరుకుతాయి, రెండూ తెలుగు చదువుతాయి. పుస్తకం స్కాన్ చేస్తే కాపీరైట్ తప్పవుతుందని ఎవరైనా అంటే, దివ్యాంగుల చదువు కోసం అలా మార్చుకోవడానికి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వీలిచ్చిందని చెప్పండి.

అర్జీ హెచ్ఎంకు, ఎంఈవోకు, నెల్లూరులోని సమగ్ర శిక్ష కార్యాలయంలో దివ్యాంగ పిల్లల చదువు చూసే సహిత విద్య విభాగానికి ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. నోటిమాటగా అడిగితే నోటిమాటే జవాబుగా వస్తుంది. ఇలాంటి పిల్లల సౌకర్యాలు చూడటానికి డీఈవో కార్యాలయంలో ఒక నోడల్ అధికారి ఉండాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆయన పేరిట కూడా ఒకటి పంపండి.

కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ‘నా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు’ అని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఫైలు అక్కడే కదులుతుంది. అప్పటికీ తేలకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. దానికి లాయరు అక్కర్లేదు. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో చర్య తీసుకుని తెలియజేయాలి, కాదంటే కారణం చెప్పాలి.

హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చినా ఖర్చుకు భయపడకండి. పిల్లలకు, మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ కూడా ఇదే 17వ సెక్షన్ కిందకు వస్తాయి. ఇప్పటి అర్జీలోనే ఆ అవసరం కూడా రాయించండి.