స్పీడ్ గన్ ఎక్కడ నిలబడి పట్టుకున్నారన్నదే అసలు సంగతి

"ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలకి స్పీడ్ గన్, సెన్సార్ బంతి కొనడం అవసరమా?" అని అడిగారు. నన్నడిగితే ముందు స్లో మోషన్ తీసే ఫోన్, దానికో స్టాండ్ చాలు. ఒక పిల్లాణ్ణి బాధపెట్టాక నాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

వారాంతాల్లో 14 ఏళ్ల లోపు పిల్లలకి ఆట నేర్పిస్తాను. బంతి వేగాన్ని రాడార్‌తో కొలిచే ఈ స్పీడ్ గన్ కొన్న మొదటి రోజు గోల్ నెట్ వెనక నిలబడి కొలిచాను. ఒకబ్బాయి కిక్ గంటకు 82 కిలోమీటర్లు వచ్చింది, వాడి సంబరం అంతా ఇంతా కాదు. మరుసటి వారం కళ్లలో ఎండ పడుతోందని పక్కకి జరిగి కొలిచాను. 71. మళ్లీ కొట్టాడు, 70. వాడి ముఖం చిన్నబోయింది. "ఇంకా గట్టిగా కొట్టు" అని నేనే ఎగదోశాను. బలం పెట్టేకొద్దీ ఒళ్లు వెనక్కి వాలి, బంతులన్నీ గోల్ మీదుగా పోయాయి.

రాడార్ తన వైపు వచ్చే వేగాన్నే లెక్కిస్తుందని ఆ రాత్రి చదివాను. బంతి దారికి 30 డిగ్రీలు పక్కన నిలబడితే 0.866 వంతే చూపిస్తుంది. 82ని దాంతో గుణించి చూడండి, 71 వస్తుంది. పిల్లాడి కిక్ ఎప్పటిలాగే ఉంది. తర్వాతి క్లాసులో అందరి ముందూ వాడికి సారీ చెప్పాను.

వాడికి పనికొచ్చింది ఫోనే. పాదం బంతికి తగిలి ఉండేది సెకనులో నూరో వంతు. మామూలు వీడియోలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్యే అది జరిగిపోతుంది. సెకనుకి 240 ఫ్రేములు పెడితే రెండు మూడింటిలో దొరుకుతుంది. నేల మీద ఆనించే కాలు బంతికి జానెడు వెనక పడుతోందని అందులో కనిపించింది. దాన్ని బంతి పక్కకి తెచ్చాక కిక్ కిందికి దిగింది.

అసలు అందరూ కిక్ వేగమే అడుగుతారు, పాస్ ఊసెత్తరు. ఆటలో ఎక్కువగా చేసేది పాసే కదా! జర్మనీలోని డార్ట్‌మండ్ క్లబ్‌లో ఫుట్‌బోనాట్ అనే యంత్రం ఉంది. బంతి విసురుతుంది, చుట్టూ ఉన్న గళ్లలో ఏది వెలిగితే అందులోకి పంపాలి. మేము గోడ ముందు నాలుగు రంగుల కోన్‌లు పెట్టుకుని, బంతి వస్తుండగా రంగు పేరు అరుస్తాం. 20 పాసుల్లో ఎన్ని తగిలాయో ఎడమ కాలికి వేరుగా రాసుకుంటాం.

2022 వరల్డ్ కప్ బంతిలో సెన్సార్ ఉందిగా అంటారు. దాని ముఖ్యమైన పని ఆఫ్‌సైడ్, అంటే పాస్ ఇచ్చే క్షణానికి ఆటగాడు నిబంధన దాటి ముందుకెళ్లాడా అన్నది, తేల్చడం. మీరు ముందు బంతిలో గాలి కొలిచే గేజ్ కొనండి. నిబంధనల ప్రకారం గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఉండొచ్చు. ఈ వారం మెత్తగా, వచ్చే వారం గట్టిగా ఉన్న బంతితో కొలిస్తే ఆ రెండు అంకెల్నీ పోల్చలేం.