ఆ ఊరికి పేరుంది

అమ్మాయీ,

నీ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు కోపమొచ్చి పక్కన పెట్టేశాను. అందుకే జవాబు నెల ఆలస్యమైంది. భాష బాగుంది, చదివిస్తుంది. ఇక అసలు విషయానికొస్తాను.

'చీకటి ఖండంలో ఒక మారుమూల పల్లె. కాళ్లకు చెప్పుల్లేని ఒక పిల్ల' అని మొదలుపెట్టావు. ఎవరమ్మా ఆ పిల్ల? నువ్వు రాస్తున్నది కాంగో బాస్కెట్‌బాల్ ఆటగత్తె మ్వాది మబికా గురించి కదా! ఆమె 1976 జులై 27న కిన్షాసాలో పుట్టింది. అది పల్లె కాదు, కాంగో నది ఒడ్డున ఉన్న రాజధాని. చెప్పుల్లేవని నీకెవరు చెప్పారు? ఆకలి మీద మూడు పేజీలు నింపావు. నాలుగో పేజీ వచ్చేదాకా ఎవరి చేతిలోనూ బంతి కనపడదు. ఆ దేశపు ఆడపిల్లల జట్టు 1983లో, 1986లో, మళ్లీ 1994లో ఆఫ్రికా ఛాంపియన్ అయింది. ఆమె వచ్చింది అలాంటి చోటు నుంచి. ఆ గెలుపుల గురించి ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

'ఆఫ్రికా' అని ఇరవైమూడుసార్లు రాశావు, పెన్సిల్‌తో గీతలు గీస్తూ లెక్కపెట్టాను. కిన్షాసా ఒక్కసారి వచ్చింది. కాంగోకి అప్పట్లో ఉన్న పేరు జైర్, అది అసలు రాలేదు.

జైర్ లేకుండా ఈ కథ ఎలా చెబుతావు? 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆమె ఆడింది జైర్ పేరు మీద. ఆ పోటీలు జరుగుతుండగానే ఆమెకి ఇరవై ఏళ్లు నిండాయి. జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అమెరికా చేతిలో 107–47 తేడాతో ఓడిపోయింది. మరుసటి ఏడాది మే నెలలో ఆ దేశాన్నేలిన నియంత మొబుటు దేశం వదిలి పారిపోయాడు, జైర్ అనే పేరే పోయి మళ్లీ కాంగో అయింది. జూన్ 21న అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యుఎన్‌బిఎ మొదటి సీజన్ మొదలైంది. అందులో లాస్ ఏంజెలిస్ స్పార్క్స్ జట్టులో మబికా ఉంది. కిందటేడు ఏ దేశం పేరుతో ఆడిందో ఆ పేరు మ్యాపులోంచి పోయిన నెలకే, తనని చిత్తుగా ఓడించిన దేశంలో ప్రొఫెషనల్ ఆటగత్తె అయింది. నువ్వు ఊహించి రాసిన ఆకలి కంటే ఈ రెండు తారీఖులు ఎంత పెద్దవో చూడు.

పేర్ల విషయంలో నేనెందుకింత పట్టుపడతానో చెబుతాను. నా మొదటి కథ అచ్చయినప్పుడు పత్రిక పట్టుకుని తెనాలి నుంచి బస్సులో ఇంటికెళ్లాను. కథంతా మా కొల్లిపరలో జరుగుతుంది. ఎడిటర్ గారు ఆ పేరున్న చోటల్లా కొట్టేసి 'ఒక కుగ్రామం' అని వేశారు. ఏ ఊరైతేనేం, పాఠకుడికి ఒకటేనట. మా నాన్న అరుగు మీద కూర్చుని, అక్షరం మీద వేలు పెట్టి, చివరిదాకా చదివి, 'మన ఊరనుకున్నాన్రా' అన్నాడు. అంతే. పత్రిక మడిచి నా చేతికిచ్చాడు. ఆ ఎడిటర్‌ని నేనింకా క్షమించలేదు. ఆయన పోయి పదేళ్లయింది, అయినా క్షమించలేదు. ఇప్పుడు పేదరికం ఉంటేనే కథ అనే ఫ్యాషన్ వచ్చింది. పోటీల జడ్జీలు కూడా దానికే ప్రైజులిస్తున్నారు. ఆ గాలి నీకూ తగిలింది.

ఆమె ఆట నాలుగు వాక్యాల్లో అయిపోయిందేమిటి? స్పార్క్స్‌కి పదకొండు సీజన్లు ఆడింది. 2001లో, 2002లో టైటిల్ గెలిచిన జట్టులో ఉంది. 2002లో మ్యాచ్‌కి సగటున 16.8 పాయింట్లు చేసింది. అదే జట్టులో లీసా లెస్లీ ఉంది కాబట్టి పేరంతా ఆమెకే వెళ్లింది. నువ్వు కూడా లెస్లీ ఎగిరి బంతిని రింగులోకి దించిన డంక్‌కి ఒక పేరా ఇచ్చి, మబికా దూరపు గీత అవతల నుంచి వేసే త్రీ పాయింటర్‌కి ఒక్క మాట ఇచ్చావు. అప్పట్లో ఆ గీత బుట్టకి 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది. అక్కడ నిలబడి వేసే మనిషి మోకాళ్లెలా వంగుతాయి, మణికట్టెలా తిరుగుతుంది, ఎదుటి చెయ్యి ముఖం మీదకి వస్తుంటే కళ్లెక్కడుంటాయి? 2008లో హ్యూస్టన్ కామెట్స్‌కి ఆడింది. ఆ సీజన్ అయ్యాక ఆ జట్టునే మూసేశారు. దేశం పేరు పోయింది, ఆఖరికి జట్టూ పోయింది. ఇది కూడా నీ వ్యాసంలో లేదు.

కానీ ఏడో పేజీలో, బ్రాకెట్లో, ఒక మాట రాశావు. ఏలూరులో స్కూలు టీముకి ఆడేటప్పుడు, సిమెంటు కోర్టు మీది దుమ్ముకి కాళ్లు జారుతుంటే, ఫ్రీ త్రోకి ముందు అరచేత్తో బూటు అడుగు తుడుచుకునేదాన్నని. అక్కడ ఆగిపోయాను. ఆ రాత్రి ఇంకేమీ చదవలేదు. ఇంత తెలిసినదానివి, దాన్ని బ్రాకెట్లో దాచి, చూడని ఆకలిని ముందు పెట్టావా? జారే నేల నీకు తెలుసు. చేతికి అంటిన మట్టి తెలుసు. అట్లాంటాలో స్కోరు అరవై పాయింట్ల తేడాతో ఉన్నప్పుడు కూడా బంతి అందుకుని పరిగెత్తాల్సిన పిల్ల ఒళ్లు ఎలా ఉంటుందో నువ్వు రాయగలవు, నేను రాయలేను.

పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఇది మళ్లీ రాయి. నాలుగో పేజీ నుంచి వెనక్కి పంపుతున్నాను. మొదటి మూడు పేజీలు నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు