హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో ఎంత దూరం, ఎంత సేపు?

శంషాబాద్ నుంచి ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే దాదాపు 1,260 కిలోమీటర్లు. పైకి వెళ్లాక విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది కదా, మరి గంటన్నరలో చేరాల్సిన చోటుకు టికెట్ మీద రెండుంబావు గంటలు ఎందుకు వేస్తారని ఒకరు అడిగారు. పని మీద తరచూ ఈ దారిలో తిరుగుతుంటాను. మిగతా ముప్పావు గంట ఎక్కడికి పోతుందో చెబుతాను.

టికెట్ మీద వేసేది గాలిలో ఉండే సమయం ఒక్కటే కాదు. ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా పట్టే మొత్తం సమయం అది. విమానాల వాళ్లు దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. శంషాబాద్‌లో ట్రాక్టర్ విమానాన్ని వెనక్కు నెట్టాక రన్‌వే చేరడానికి సాధారణంగా ఎక్కువసేపు పట్టదు. ఢిల్లీ సంగతి వేరు. నాలుగు రన్‌వేలు, దూరదూరంగా టెర్మినళ్లు. చక్రాలు నేలను తాకి హమ్మయ్య అనుకున్నాక కూడా కిటికీ బయట గడ్డి, నీలం దీపాలు, ఆగి ఉన్న విమానాల తోకలు మెల్లగా జరుగుతూనే ఉంటాయి. తొందరపడి లేచినవాళ్లను సిబ్బంది మళ్లీ కూర్చోబెడతారు. పావుగంట, ఇరవై నిమిషాలు ఇలా నేల మీదే గడిచిపోవడం మామూలే.

గాలిలోనూ అంతసేపూ ఒకే వేగం ఉండదు. పది వేల అడుగుల కింద సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటకూడదు. 35,000 అడుగుల ఎత్తు నుంచి దిగడం మొదలయ్యేది గమ్యానికి దాదాపు 200 కిలోమీటర్ల ముందే. దిగుతున్నామని పైలట్ ప్రకటించాక కూడా అరగంట పడుతుందంటే కారణం అదే. పైగా ఆ రోజు గాలిని బట్టి ఏ రన్‌వే వాడుతుంటే ఆ వైపు చుట్టు తిరిగి రావాలి.

ఎదురుగాలి బెడద ఈ మార్గంలో తక్కువ. చలికాలంలో ఉత్తర భారతం మీద చాలా ఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే మన విమానానికి అవి పక్కగాలులు. కోల్‌కతా నుంచి ఢిల్లీ వెళ్లేవాళ్లకైతే అవే ఎదురవుతాయి.

నిజంగా భయపడాల్సింది డిసెంబరు, జనవరి నెలల పొగమంచుకు. ఢిల్లీలో పొగమంచు కమ్మితే విమానాల మధ్య దూరం పెంచుతారు, కొన్నింటిని గాలిలోనే చక్కర్లు కొట్టిస్తారు. హైదరాబాద్‌లో ఎండ కాస్తున్నా, మనం ఎక్కాల్సిన విమానం ఢిల్లీ నుంచే రావాల్సి ఉంటే మన ప్రయాణమూ ఆలస్యమవుతుంది. అందుకే ఆ నెలల్లో నేను పొద్దున్నే ఢిల్లీ చేరే విమానాలు ఎంచుకోను, మధ్యాహ్నం దాటాక దిగేవే చూస్తాను.

ఢిల్లీలో దిగి మరో విమానం ఎక్కాలంటే రెండూ ఏ టెర్మినల్‌లో ఉన్నాయో టికెట్ కొనేముందే చూసుకోండి. ఒకటో టెర్మినల్ నుంచి మూడో టెర్మినల్‌కు నడిచి వెళ్లలేరు, రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు వెళ్లాలి. టికెట్లు విడివిడిగా కొంటే మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి, చలికాలమైతే ఇంకా ఎక్కువ.